మొక్కల లెక్క, చెట్ల రక్షణ: నారాయణఖేడ్ నేపథ్యంలో స్థానిక ప్రభుత్వ నియమాల పరిశీలన

వ్యాససంగ్రహం

తెలంగాణలో మొక్కలు నాటి బతికించే బాధ్యత పురపాలక సంఘాలకు, గ్రామపంచాయతీలకు ఉంది. పెరిగిన చెట్టును తొలగించేందుకు అనుమతించే అధికారం అటవీశాఖ చేతిలో ఉంది. బాధ్యత ఒకరిదై అధికారం మరొకరిదైనపుడు నిలిచి ఉన్న చెట్టు ఎవరి లెక్కలోనూ చేరదన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ పట్టణాన్ని ఆధారంగా తీసుకొని, అక్కడ వర్తించే చట్టాలను వివరించి, ఒకప్పుడు అదే జిల్లాలో ఉండి నేడు కర్ణాటక, మహారాష్ట్రలలో ఉన్న ప్రాంతాల నియమాలతో వాటిని పోల్చడం జరిగింది.

కీలకపదాలు: వాల్టా చట్టం, పురపాలక చట్టం 2019, హరిత బడ్జెట్, వృక్ష ప్రాధికార సంస్థ, ప్రజా జీవవైవిధ్య పట్టిక, నారాయణఖేడ్.

1. ఉపోద్ఘాతం

1956 వరకు నారాయణఖేడ్ తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో భాగం. ఆ సంవత్సరం రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు ఆ జిల్లా మూడు ముక్కలైంది. అహమద్‌పూర్, నిలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాద్ తాలూకాలో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో చేరాయి. మిగిలినది మైసూరు రాష్ట్రానికి దక్కింది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ భాషలు నేటికీ కలిసి వినిపించే ఈ ప్రాంతంలో వేప, చింత, తుమ్మ, మోదుగ చెట్లకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు. వాటిని కాపాడే చట్టం మాత్రం సరిహద్దు దాటగానే మారిపోతుంది. ఒకే జిల్లాలో ఉన్న నేల మూడు రాష్ట్రాలకు పంచబడి, మూడు వేర్వేరు వృక్షచట్టాల కిందికి రావడం తులనాత్మక అధ్యయనానికి అనువైన సందర్భం.

నారాయణఖేడ్ 2016 అక్టోబరులో కొత్తగా ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో చేరింది. 2018 ఆగస్టులో గ్రామపంచాయతీ స్థాయి నుంచి పురపాలక సంఘంగా మారింది. కాబట్టి ఈ ఊరి వీధిలోని వేపచెట్టు కొద్ది కాలంలోనే పంచాయతీరాజ్ చట్టం పరిధి నుంచి పురపాలక చట్టం పరిధికి మారిందన్నమాట. ఆ మార్పు వల్ల చెట్టుకు రక్షణ పెరిగిందా అన్న ప్రశ్నకు సమాధానం కావాలంటే ముందుగా ఏ అధికారం ఎవరి చేతిలో ఉందో చూడాలి.

2. అధికారం ఎవరిది?

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలును చేర్చింది. పురపాలక సంస్థలకు అప్పగించదగిన విధులలో ఎనిమిదవది పట్టణ అటవీకరణ, పర్యావరణ పరిరక్షణ, జీవావరణ అంశాల ప్రోత్సాహం. పంచాయతీలకు సంబంధించిన పదకొండవ షెడ్యూలులో ఆరవ అంశం సామాజిక అటవీకరణ, వ్యవసాయ అటవీకరణ. అంటే చెట్టు స్థానిక ప్రభుత్వ విషయమని రాజ్యాంగమే సూచించింది. అయితే ఈ షెడ్యూళ్లు వాటంతట అవి అధికారాన్ని బదిలీ చేయవు. ఏ విధిని ఎంతవరకు అప్పగించాలన్నది రాష్ట్ర శాసనసభ నిర్ణయించాలి.

పదేళ్ల తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ నీరు, భూమి, చెట్లను ఒకేచోట చేర్చి 2002లో చట్టం చేసింది. జనవ్యవహారంలో అది వాల్టా చట్టం. దాని నియమావళి 2004లో వచ్చింది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ దానిని తన చట్టంగా స్వీకరించింది. రాష్ట్ర, జిల్లా, మండల స్థాయుల్లో ప్రాధికార సంస్థలను ఈ చట్టం ఏర్పరచింది. పేరులో మూడు ప్రకృతి వనరులున్నా ఈ చట్టం ఎక్కువగా ప్రచారంలోకి వచ్చింది బోరుబావుల వల్ల. వర్షాధార సేద్యం అధికంగా ఉన్న నారాయణఖేడ్ వంటి ప్రాంతంలో వాల్టా అంటే బోరు అనుమతి అనే అనుకుంటారు. చెట్లకు సంబంధించిన అధ్యాయం చదివినవారు తక్కువ.

ఆ అధ్యాయం సారాంశం ఇది. పట్టా భూమిలోనైనా, ఇంటి ఆవరణలోనైనా, నిర్దేశిత అధికారి ముందస్తు అనుమతి లేకుండా చెట్టు నరకరాదు. ఆచరణలో ఆ అధికారి అటవీశాఖకు చెందినవారు. దరఖాస్తు చేసుకోవాలి, రుసుము చెల్లించాలి, అధికారి పరిశీలించాలి, కొట్టేసిన చెట్టుకు బదులుగా మొక్కలు నాటాలనే షరతు పాటించాలి. యూకలిప్టస్, సుబాబుల్, సరుగుడు వంటి వాణిజ్య జాతులకు మినహాయింపు ఉంది. నరికిన కలపను తరలించాలంటే 1967 అటవీ చట్టం, 1970 రవాణా నియమాలు అడ్డువస్తాయి. కల్లు గీసే తాటి, ఈత చెట్ల విషయంలో ఆబ్కారీ శాఖ కూడా రంగంలోకి వస్తుంది. రహదారి పక్కన ఉన్న చెట్టయితే ఆ రహదారి ఏ శాఖదో ఆ శాఖ ప్రమేయం తప్పదు.

ఈ వరుసలో పురపాలక సంఘానికి నిర్ణయాధికార స్థానం లేదు. పురపాలక కమిషనరు దరఖాస్తుదారు కావచ్చు, ఫిర్యాదుదారు కావచ్చు. అనుమతించేది, నిరాకరించేది మాత్రం అటవీశాఖే. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదు సైదాబాద్‌లో ఇంటి నిర్మాణానికి అడ్డుగా ఉందని సుమారు నలభై ఏళ్ల వేపచెట్టును అనుమతి లేకుండా కొట్టేసినపుడు జరిగినది ఇందుకు నిదర్శనం. ఎనిమిదవ తరగతి బాలుడొకడు అటవీశాఖకు ఫోను చేసి ఫిర్యాదు చేశాడు. అటవీశాఖ 62,075 రూపాయల జరిమానా విధించింది. మహానగర పాలక సంస్థ పరిధిలోని వీధిలో జరిగిన నేరాన్ని పట్టించినది ఒక విద్యార్థి, శిక్షించినది అటవీశాఖ. నగరపాలక సంస్థ పాత్ర అందులో కనిపించదు. రాజధానిలోనే పరిస్థితి ఇలా ఉన్నపుడు చిన్న పట్టణం సంగతి ఊహించవచ్చు.

3. మొక్కకు ఉన్న లెక్క

ఇందుకు భిన్నంగా, మొక్కల విషయంలో స్థానిక సంస్థల మీద చట్టం మోపిన బాధ్యత చాలా కఠినమైనది. 2015 జూలై 3న తెలంగాణకు హరితహారం ప్రారంభమైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచడం దాని లక్ష్యం. ఆ కార్యక్రమ స్ఫూర్తి 2018 పంచాయతీరాజ్ చట్టంలోకి, 2019 పురపాలక చట్టంలోకి ప్రవేశించింది. పురపాలక సంఘం తన బడ్జెట్టులో పదిశాతాన్ని హరిత బడ్జెట్‌గా కేటాయించాలి. నాటిన మొక్కలలో కనీసం 85 శాతం బతకాలి. బతకకపోతే వార్డు సభ్యుడు పదవిని కోల్పోయే ప్రమాదం ఉంది, ఉద్యోగి క్రమశిక్షణ చర్యకు గురికావచ్చు. మొక్క ఎండిపోతే ఎన్నికైన ప్రతినిధి పదవి పోతుందని ఇంత స్పష్టంగా చెప్పిన స్థానిక పాలనా చట్టాలు దేశంలో అరుదు.

ఈ నిబంధనలోని సదుద్దేశాన్ని కాదనలేము. నాటి ఫొటో దిగి మరచిపోయే పద్ధతికి ఇది అడ్డుకట్ట వేసింది. కానీ ఇందులో లెక్కించబడేది ఏది? ఆ ఏడాది నాటిన మొక్క. వార్డులో అంతకు ముందే ఉన్న అరవై ఏళ్ల చింతచెట్టు ఆ 85 శాతంలో లేదు. అది కూలినా, ఎవరైనా కూల్చినా వార్డు సభ్యుడి పదవికి ముప్పు లేదు. అదే వీధిలో నిరుడు నాటిన కానుగ మొక్కలు పదింటిలో రెండు ఎండితే సంజాయిషీ ఇచ్చుకోవాలి. బతికే శాతాన్ని చూపవలసిన ఒత్తిడి ఉన్నపుడు త్వరగా పెరిగే, పశువులు మేయని జాతుల వైపు మొగ్గు చూపడం సహజం. పట్టణాల రహదారి విభాజకాల మీద కోనోకార్పస్ అంతగా వ్యాపించడానికి ఈ ఒత్తిడి ఒక కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ మొక్కను ఇక నాటవద్దని తరువాత ప్రభుత్వమే ఆదేశించవలసి వచ్చింది.

తెలుగులో మొక్క వేరు, చెట్టు వేరు. మొక్కను పెంచుతారు, చెట్టు నీడన కూర్చుంటారు. పాలనా పత్రాల్లో ఈ తేడా చెరిగిపోయి, చెట్టుకు బదులు మొక్కలు అన్న సమీకరణం స్థిరపడింది. నిజానికి పాత పంచాయతీ లెక్కల్లో కొన్ని చెట్లకైనా చోటుండేది. ఊరుమ్మడి చింతచెట్ల ఫలసాయాన్ని ఏటా వేలం వేసే ఆనవాయితీ తెలుగు ప్రాంతాల్లో ఉంది. వేలానికి వచ్చే చెట్టు రాబడి పద్దులో ఒక వరుసగా నమోదవుతుంది, కాబట్టి అది పోతే ఎవరో ఒకరు అడుగుతారు. రావి, మర్రి, వేపలకు ఆ అదృష్టం లేదు. గద్దె కట్టి, దైవాన్ని నిలిపిన చెట్టును భక్తి కాపాడుతుంది, పద్దు కాపాడదు.

4. ప్రమాదకరమైన చెట్టు, తీగెల కింది చెట్టు

పట్టణంలో చెట్లు తొలగించాలన్న వినతులలో చాలావాటికి కారణం కలప కాదు, భయం. గోడ మీదికి ఒరిగిందనో, గాలివానకు పడుతుందనో, కొమ్మలు కరెంటు తీగెలకు తగులుతున్నాయనో చెట్టు కొట్టించమని అడుగుతారు. ఇక్కడ వాల్టాతో పాటు మరో రెండు చట్టాలు పనిచేస్తాయి.

మొదటిది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టంలోని 152వ సెక్షన్, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షన్‌కు వారసురాలు. పడిపోయి ఇరుగుపొరుగువారికి, దారిన పోయేవారికి గాయం కలిగించేలా ఉన్న చెట్టు విషయంలో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆదేశం ఇవ్వవచ్చు. పాఠాన్ని జాగ్రత్తగా చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. చెట్టును తొలగించాలని మాత్రమే కాదు, దానికి ఆధారం కల్పించాలని కూడా ఆదేశించవచ్చునని ఆ సెక్షన్ చెబుతుంది. ఒరిగిన చెట్టుకు ఊతకర్ర పెట్టించే అధికారాన్ని మేజిస్ట్రేటుకు చట్టమే ఇచ్చిందన్నమాట. కూల్చడానికి ముందు నిలబెట్టే అవకాశం ఉందో లేదో చూడాలన్న ఆలోచన ఆ మాటలో ఉంది. మన కార్యాలయాల్లో ఆ మాట వాడుకలోకి రాలేదు.

రెండవది 2003 విద్యుత్ చట్టం. తీగెకు అడ్డుగా ఉన్న చెట్టును తొలగించేందుకు విద్యుత్ సంస్థ కోరితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు లేదా ప్రభుత్వం నిర్దేశించిన అధికారి తగిన ఉత్తర్వు ఇవ్వవచ్చునని 68వ సెక్షన్ ఐదవ ఉపసెక్షన్ చెబుతుంది. ఆ వెంటనే ఆరవ ఉపసెక్షన్ ఒక న్యాయమైన మాట చేర్చింది: తీగె వేయకముందే ఆ చెట్టు అక్కడ ఉంటే, దానిపై హక్కున్నవారికి సముచితమైన పరిహారం ఇవ్వాలి. చెట్టు ముందా, తీగె ముందా అన్నది చట్టపరంగా విలువైన ప్రశ్న. దానికి సమాధానం చెప్పాలంటే చెట్టు వయసు ఎక్కడో నమోదై ఉండాలి. మళ్లీ సమస్య పట్టిక దగ్గరికే వస్తుంది.

5. సరిహద్దుకు అవతల

నారాయణఖేడ్‌తో పాటు ఒకప్పుడు బీదరు జిల్లాలో ఉన్న ఉద్గీర్ ఇప్పుడు మహారాష్ట్రలోని లాతూర్ జిల్లాలో ఉంది. ఆ రాష్ట్రం పట్టణ ప్రాంతాల కోసం 1975లోనే వృక్షసంరక్షణ చట్టం చేసింది. దాని ప్రకారం స్థానిక సంస్థలోనే వృక్ష ప్రాధికార సంస్థ ఉంటుంది. ఐదేళ్లకొకసారి చెట్ల గణన చేయడం దాని విధి. ఎవరైనా చెట్టు తొలగింపు కోరితే స్థానిక పత్రికలో ప్రకటన ఇవ్వాలి, ఆ చెట్టుకే నోటీసు అంటించాలి, అభ్యంతరాలు వినాలి. చెట్టుకు అంటించిన కాగితం చిన్న విషయంగా తోచవచ్చు. రోజూ ఆ నీడన కూరగాయలు అమ్మే మనిషికి ఏ పత్రికా ప్రకటన కన్నా అది ముందుగా చేరుతుంది. 2021 సవరణ యాభై ఏళ్లు దాటిన చెట్లను వారసత్వ వృక్షాలుగా గుర్తించింది. కొట్టేసిన చెట్టు వయసెంతో అన్ని మొక్కలు నాటాలన్న నియమాన్ని కూడా అదే సవరణ తెచ్చింది. రెండువందలకు మించిన చెట్ల తొలగింపును రాష్ట్రస్థాయి సంస్థకు అప్పగించడం మాత్రం స్థానిక అధికారాన్ని తగ్గించిందన్న విమర్శకు తావిస్తోంది.

బీదరులో వర్తించేది కర్ణాటక 1976 చట్టం. అక్కడ వృక్షాధికారి అటవీశాఖవాడే. ఆ మేరకు అది మన వ్యవస్థకు దగ్గర. కానీ తొలగించవలసిన చెట్లు యాభైకి మించినపుడు బహిరంగ ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు స్వీకరించాలన్న నిబంధన ఉంది.

వాల్టా వ్యవస్థలో దరఖాస్తుదారు, అధికారి అన్న రెండు పక్షాలే ఉన్నాయి. ఊరు మూడవ పక్షంగా కనిపించదు. ఇదే ముఖ్యమైన లోపమని చెప్పవచ్చు. దీనిని నేరుగా చూపిన ఉదంతం చేవెళ్ల మర్రిచెట్లది. హైదరాబాదు నుంచి బీజాపూర్ వైపు సాగే 163వ జాతీయ రహదారిలో అప్పా కూడలి, మన్నెగూడల మధ్య సుమారు 46 కిలోమీటర్ల దారిని విస్తరించదలచినపుడు తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల ప్రశ్న తలెత్తింది. పౌరులు తామే చెట్లను లెక్కించి, జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. దారిపొడవునా ఉన్న పంచాయతీల వద్ద అలాంటి లెక్క ముందే ఉంటే వాదన మొదటి రోజునే మొదలయ్యేది. మరోపక్క అదే దారిలో ప్రమాదాలకు బలైన కుటుంబాల ఆవేదన కూడా నిజమే. దారి, చెట్టు రెండూ కావాలన్నపుడు ఏ చెట్టు ఎక్కడ ఉందో తెలిసిన పటం లేకుండా మధ్యేమార్గం గీయడం సాధ్యం కాదు. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు నారాయణఖేడ్ ప్రాంతం మీదుగా సాగే 161వ జాతీయ రహదారికీ, దాని అనుబంధ దారులకూ ఈ మాట వర్తిస్తుంది.

2025లో కంచ గచ్చిబౌలి భూముల వివాదం ఇదే లోపాన్ని దేశం ముందుంచింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. యంత్రాలు దిగే ముందు తగిన అనుమతులు తీసుకున్నారా అన్నది తరువాతి విచారణలో ప్రధాన ప్రశ్న అయింది. మినహాయింపు జాతుల వాదన కూడా అక్కడ వినిపించింది. నరికిన తరువాత ఏ జాతి చెట్లు నరికారన్న ప్రశ్నకు ఆధారం మొదళ్లే.

6. రైతు పక్షం

నియమాలను ఇంకా బిగించాలన్న వాదనకు ఒక బలమైన ప్రతివాదం ఉంది. గట్టు మీద టేకు, వేప పెంచిన రైతు కూతురి పెళ్లికో, ఇంటి దూలానికో దానిని కొట్టుకోవాలంటే కార్యాలయాల చుట్టూ తిరగాలి. ఆ కష్టం తెలిసినవాడు మళ్లీ చెట్టు పెంచడు. మొలిచినదాన్ని చిన్నప్పుడే పీకేస్తాడు. 2014 జాతీయ వ్యవసాయ అటవీ విధానం ఈ వాస్తవాన్ని అంగీకరించింది. 2017లో భారత అటవీ చట్టం 1927ను సవరించి వెదురును చెట్టు నిర్వచనం నుంచి తొలగించడం, 2025 జూన్‌లో సాగుభూముల్లోని చెట్ల నరికివేతకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ నమూనా నియమాలు పంపడం ఆ దారిలోనివే. ఈ వాదన సమంజసమైనదే. అయితే రైతు తాను నాటుకున్న టేకు వేరు, ఊరి కూడలిలోని రావి వేరు. వాల్టా రెండింటినీ దాదాపు ఒకే దరఖాస్తుతో చూస్తుంది. మొదటిదానికి అది అనవసరమైన భారం, రెండవదానికి చాలని రక్షణ.

ఒక్కొక్క చెట్టును విడిగా గుర్తించి కాపాడే పద్ధతి ఇంగ్లండులో ఉంది. అక్కడి స్థానిక ప్రణాళికా సంస్థ ఒకే చెట్టు మీదనైనా సంరక్షణ ఉత్తర్వు జారీచేయవచ్చు. ఉత్తర్వు లేని చెట్ల జోలికి ఆ నియమం పోదు. అయితే అక్కడ కూడా సంస్థే చెట్లు కొట్టించదలచినపుడు ఆ ఉత్తర్వు అక్కరకు రాదు. షెఫీల్డ్ నగరపాలక సంస్థ రహదారుల నిర్వహణ ఒప్పందం కింద వేలాది వీధిచెట్లను తొలగించి, పౌరుల ప్రతిఘటనతో 2018లో ఆ పని నిలిపివేయవలసి వచ్చింది. అధికారం స్థానికమైనంత మాత్రాన చెట్టు నిలవదనడానికి అది తార్కాణం.

7. చేతిలో ఉండి వాడని సాధనం

వాల్టాను సవరించాలని కోరడం సులభం. అందుకు శాసనసభ కావాలి. నారాయణఖేడ్ పురపాలక సంఘం ఆ సవరణ కోసం వేచి ఉండనవసరం లేని మార్గం ఒకటి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థ జీవవైవిధ్య యాజమాన్య సమితిని ఏర్పాటు చేయాలి. ప్రజా జీవవైవిధ్య పట్టికను తయారుచేయడం ఆ సమితి పని. స్థానికులతో సంప్రదించి జాతులను, వాటి వినియోగాన్ని, వాటి గురించి ప్రజలకున్న జ్ఞానాన్ని అందులో నమోదు చేస్తారు. అదే చట్టంలోని 37వ సెక్షన్ కింద స్థానిక సంస్థలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలాలను ప్రకటించవచ్చు. దేశంలో ఆ హోదా పొందిన మొదటి స్థలం బెంగళూరు సమీపాన దేవనహళ్లి వద్ద ఉన్న నల్లూరు చింతతోపు, 2007లో ప్రకటించారు. తెలంగాణలో మొదటిది సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువు. 2016లో ఆ గుర్తింపు దక్కింది. అంటే జిల్లా యంత్రాంగానికి ఈ ప్రక్రియ కొత్తది కాదు.

జాతుల పట్టికలో వార్డులవారీగా పెద్ద చెట్ల జాబితాను చేర్చడానికి అభ్యంతరం ఉండదు. మొదలు చుట్టుకొలత, సుమారు వయసు, భూమి ఎవరిది, తీగెలు ఎప్పుడు పడ్డాయి, గద్దె ఉందా, నీడన ఏ వ్యాపారం సాగుతోంది, ఏ భాషలో ఏ పేరుతో పిలుస్తారు అన్న వివరాలు చాలు. లంబాడీ తండాల వృద్ధులు, కన్నడం మాట్లాడే పాత కుటుంబాలు చెప్పగల పేర్లు వృక్షశాస్త్ర గ్రంథాల్లో దొరకవు. పేర్ల సేకరణ భాషాశాస్త్ర విద్యార్థులకు కూడా పని కల్పిస్తుంది. హరిత బడ్జెట్టులోని పదిశాతంలో కొద్దిపాటి మొత్తం ఇందుకు సరిపోతుంది. డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర విభాగం ఒక వేసవిలో ఒక వార్డు చొప్పున చేయగల పని ఇది.

ఆ జాబితా ఒక ప్రతి అటవీ క్షేత్రాధికారి కార్యాలయంలో ఉంటే, తొలగింపు దరఖాస్తు వచ్చిన రోజున అధికారి ముందు రెండు కాగితాలుంటాయి. ఒకటి దరఖాస్తుదారు రాసినది. రెండవది ఆ చెట్టు గురించి ఊరు ముందే రాసిపెట్టుకున్నది.